తొంభై లోపు

సువార్తరావు పెద్దకర్ర ఎత్తి కొట్టినప్పుడల్లా అందరి చూపూ బంతి వెంట పరుగెత్తేది. ఎడ్వర్డ్ మాత్రం ఆయన ముఖం వంక చూసేవాడు. బంతి ఎంత దూరం పోయిందన్నది అతనికి అక్కరలేదు. ఆ ముఖంలో "ఇక వెళ్ళిరావోయ్" అనే మాట పుట్టే సూచన ఏదైనా ఉందా అన్నదే అతనికి కావలసింది.

"విన్నావా అల్లుడూ ఆ చప్పుడు?" అన్నాడు సువార్తరావు, కర్రను భుజాన వేసుకుని. "తాటికాయ రాలినట్టు లేదూ?"

"చప్పుడు బాగానే ఉంది మావయ్యగారూ."

"మరి ఆ మొహమేంటి, కషాయం తాగినట్టు?"

వెనుక బెంచీ మీద కూర్చున్న కారు డ్రైవరు రాజనర్సు అందుకున్నాడు. "ఈ ఆటల చప్పుడుకు నంబర్లిస్తరా సార్? ఇస్తె మన సారే ఫస్టు."

"నీకేం తెలుసురా. ఆ నీళ్ళ సీసా ఇలా అందుకో," అన్నాడు సువార్తరావు, కోపం లేకుండానే.

దోహా నగరానికి ఉత్తరపు అంచున, ఎడారి మీద నీళ్ళు కుమ్మరించి పెంచిన గోల్ఫ్ మైదానమది. నరసాపురం దగ్గరి పల్లె నుంచి ఫోర్‌మన్‌గా వచ్చి, ఇవాళ ఒక కాంక్రీటు కంపెనీకి డైరెక్టరైన సువార్తరావుకు ఆ మైదానమంటే ప్రాణం. ఆఫీసు విడిచిన సాయంత్రాలు బుట్టెడు బంతులు ముందు పెట్టుకుని, డ్రైవర్ అనే పొడవాటి కర్రతో వాటిని దిగంతాలకు పంపేవాడు. కారు డ్రైవరుతో కలగాపులగం కాకుండా ఇంట్లో దాన్ని పెద్దకర్ర అనడం అలవాటైంది. ఎడ్వర్డ్ ఆ కంపెనీ ప్రయోగశాలలో కాంక్రీటు దిమ్మలను నలగ్గొట్టి వాటి బలం తేల్చే ఇంజనీరు. సువార్తరావు అన్నగారి అల్లుడు కూడా. గోదావరి ఒడ్డున అల్లుడికి జరిగే మర్యాదలు వేరు. ఇక్కడ ఈ అల్లుడు గోల్ఫ్ కర్రల సంచీ ఉన్న చిన్న బండిని లాక్కుంటూ మావగారి వెనుక నడిచేవాడు.

అల్ అజీజియాలో కొత్తగా తెరిచిన ఒక పరీక్షా సంస్థ ఎడ్వర్డ్‌ను రమ్మని పిలిచింది. అక్కడ కుటుంబానికి ఇల్లు ఇస్తారు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ప్లైవుడ్ పలకలతో గదులు గదులుగా చీల్చిన విల్లాలో, మంచమంత జాగాలో బతుకుతున్నవాడికి ఆ ఒక్క మాట చాలు. భీమవరంలో ఉన్న భార్య ఫెబి, నాలుగేళ్ళ సుసన్న తన దగ్గరికి వచ్చే దారి అతనికి అదొక్కటే కనిపించింది. చలికాలం వెళ్ళేదాకా ఆగుతామనీ, ఆ తరువాత ఇంకొకరిని చూసుకుంటామనీ ఆ సంస్థవారు చెప్పేశారు.

కంపెనీ మారడానికి చట్టం అడ్డు కాదు. ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కి నోటీసు పెట్టవచ్చు. ఫెబి అన్న జోయెల్ ఈ కంపెనీ నుంచే అలాగే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరువాత సువార్తరావు అన్నగారింటి గడప తొక్కలేదు. అన్నగారు పోయి మట్టి ఆరకముందే వదిన మీద పడిన మౌనం అది. ఆవిడ ఈనాటికీ దాన్నే తలుచుకుని కళ్ళు ఒత్తుకుంటుంది. అందుకే ఫోన్ చేసినప్పుడల్లా ఫెబి ఒకటే చెప్పేది. "నువ్వు నోటీసు పెట్టకు. మా చిన్నాన్న నోటితో వెళ్ళమనిపించుకో. ఇంకోసారి మా అమ్మ తట్టుకోలేదు."

ఎడ్వర్డ్ అడిగాడు. సువార్తరావు కోప్పడలేదు, కాదనలేదు. "నేను తొంభై లోపు కొట్టిన రోజున నా చేత్తో నేనే పంపిస్తానోయ్. అందాకా ఆ మాట ఎత్తకు," అన్నాడు.

పద్దెనిమిది గుంటల్లో బంతి పడేసరికి ఎన్ని దెబ్బలు కొట్టారన్నదే గోల్ఫ్‌లో లెక్క. ఎంత తక్కువైతే అంత మేలు. సువార్తరావు ఎన్నో ఏళ్ళుగా నూటమూడు దగ్గర నిలిచిపోయి ఉన్నాడు.

ఎడ్వర్డ్ జన్మలో గోల్ఫ్ ఆడలేదు. అయితే ఒక వస్తువు ఎక్కడ విరుగుతోందో కనిపెట్టడం అతని వృత్తి. సువార్తరావు పద్దెనిమిది గుంటలూ ఆడేది శనివారాల్లో. తరువాతి శనివారం ఎడ్వర్డ్ ప్రయోగశాల నుంచి నల్ల కంకర, తెల్ల కంకర చెరో పిడికెడు తెచ్చి కుడి జేబులో వేసుకున్నాడు. దూరం నుంచి కొట్టే దెబ్బకు ఒక నల్లరాయి, గుంట దరిదాపుల్లో కొట్టే దెబ్బకు ఒక తెల్లరాయి ఎడమ జేబులోకి మారేవి. ఆట ముగిసేసరికి తెల్లరాళ్ళే ఎక్కువయ్యాయి.

తొందరపాటు మనిషైతే అక్కడే తీర్పు చెప్పేసేవాడు. ఎడ్వర్డ్‌కు అనుమానం వచ్చింది. సువార్తరావుతో పాటు ఆడే ఒవైస్ సాహెబ్ హైదరాబాదు నుంచి వచ్చిన సర్వేయరు. బక్కపలుచని మనిషి, ఆయన బంతి ఎన్నడూ దూరం పోదు, కానీ ఎనభై ఎనిమిదికి అటూ ఇటూ ముగిస్తాడు. మరో వారం ఎడ్వర్డ్ ఆయన దెబ్బలకు రాళ్ళు మార్చాడు. అక్కడా తెల్లరాళ్ళే ఎక్కువ. దెబ్బలు ఎక్కువగా ఎక్కడ పడుతున్నాయన్నది కాదు ప్రశ్న, ఇద్దరి మధ్య తేడా ఎక్కడ వస్తోందన్నది అని అతనికి అప్పుడు తట్టింది. అటుపైన గుంట గుంటకూ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా పదిహేను. సువార్తరావు మొదటి దెబ్బను ఇసుకలోకో నీళ్ళలోకో పంపి పోగొట్టుకున్నవి నాలుగు. దూరం నుంచి గురి తప్పినవి మూడు. గుంట చుట్టూ తివాచీలా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. దాని అంచుదాకా వచ్చి, ఒక్క దెబ్బలో పైకి చేర్చలేక మళ్ళీ కొట్టినవి మరో నాలుగు. గ్రీన్ మీదికి చేరాక బంతిని దూరం నుంచి సరైన వేగంతో దొర్లించలేక పోయినవి మూడు. ఇక మిగిలింది ఒకే ఒక్క దెబ్బ. ఒవైస్ సాహెబ్ బంతి దూరం పోదు కదా, పెద్దకర్ర బలం వల్ల మావగారికి రావలసిన లాభం ఏమైందా అని వెతికితే, ఆ బలమే బంతిని కంచె దాటించి, వచ్చిన లాభంతో పాటు ఆ ఒక్క దెబ్బను కూడా ఊడ్చుకుపోతోంది.

ఈ లెక్క వినిపించినప్పుడు సువార్తరావు ముఖం చిన్నబోయింది.

"అంటే ఏంటోయ్ నువ్వనేది? నేను ఇన్నేళ్ళు పెద్దకర్ర కొట్టింది వృథా అనా?"

"వృథా అనను మావయ్యగారూ. మీకు వచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ నేర్చుకుంటున్నారు."

"రానిది నేర్చుకోవాలంటావు."

"రానివాటిలో కూడా, ఎక్కువ దెబ్బలు మింగేది ముందు."

సువార్తరావు ఒప్పుకోలేదు. ఎడ్వర్డ్ వాదించలేదు. అభ్యాసపు గ్రీన్ చుట్టూ పది బంతులు విసిరి, ఒక్కొక్కదాన్ని ఒక్క దెబ్బలో పైకి చేర్చమన్నాడు. చేరినవి నాలుగు. మళ్ళీ పది విసిరాడు. చేరినవి మూడు. పక్కనే నిలబడ్డ ఒవైస్ సాహెబ్‌ను అడిగితే ఆయన నవ్వుకుంటూ తొమ్మిది చేర్చాడు.

"నేనిక్కడికి కొట్టడానికి వస్తాను గానీ గోక్కోవడానికి కాదోయ్," అన్నాడు సువార్తరావు. అన్నాక కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి అభ్యాసం తలకిందులైంది. సగం కాలం గ్రీన్ అంచున, ఒకే కర్రతో, ఒకే ఊపుతో. బంతిని గాలిలో ఎగరేయడం మానేసి, కాస్త లేపి దొర్లనివ్వడం. ఆ తరువాత పదడుగుల దూరం నుంచి, ఇరవై అడుగుల దూరం నుంచి దొర్లించడం. గుంటలో వేయాలన్న ఆశ వద్దు, చేయి చాపితే అందేంత దగ్గర ఆగితే చాలు, రెండోది దానంతటదే పడుతుంది అని ఎడ్వర్డ్ చెప్పాడు. ఆపైన మొదటి దెబ్బ. ఇరుకైన చోట పెద్దకర్ర బదులు పొట్టికర్ర పట్టుకోవాలి; పొడవు తగ్గినా ఫరవాలేదు, బంతి గడ్డి మీద ఉండాలి. అన్నీ అయ్యాక, చివర్లో పది బంతులు మాత్రం పెద్దకర్రకు. ఆ పదింటి కోసం సువార్తరావు పసిపిల్లవాడిలా ఎదురుచూసేవాడు.

"మన సార్‌కు పత్యం పెట్టినవు సార్," అన్నాడు రాజనర్సు ఎడ్వర్డ్‌తో.

నూటమూడు తొంభై ఎనిమిదైంది. అక్కడ కొంత కాలం ఆగి తొంభై ఐదైంది. చలి ముదిరేసరికి తొంభై రెండు. ఎడ్వర్డ్ భీమవరానికి ఫోన్ చేసి, సుసన్నకు విమానంలో కిటికీ పక్క సీటు కావాలో వద్దో కనుక్కోమన్నాడు.

తొంభై రెండు కొట్టిన మరుసటి శుక్రవారం చర్చి ప్రాంగణంలో తెలుగువారి ఆరాధన జరిగింది. ఖతార్‌లో శుక్రవారం సెలవు కనుక అక్కడ ఆదివారపు ఆరాధన శుక్రవారమే. పాటల తరువాత సాక్ష్యాల సమయం వచ్చింది. జ్వరం తగ్గినవారు, వీసా వచ్చినవారు, పరీక్ష గట్టెక్కినవారు లేచి దేవునికి కృతజ్ఞత చెప్పుకునే ఆనవాయితీ అది. సువార్తరావు లేచి నిలబడ్డాడు. సంఘమంతా ఆయన ఆరోగ్యం గురించి ఆందోళనగా చూసింది.

"తొంభై రెండు," అన్నాడాయన. "నూటమూడు నుంచి తొంభై రెండు. ఇది నా బలం కాదు. నా ప్రభువు నా అన్న అల్లుణ్ణి నా పక్కన నిలబెట్టాడు. అతను పక్కనుంటే నా బంతి తప్పిపోవడం లేదు. అతని చేతిలో దీవెన ఉంది. ఇది నా సాక్ష్యం."

"స్తోత్రం," అంది సంఘం.

ఆయన భార్య తెరెసా స్త్రీల వరుసలో పక్కావిడ వైపు వంగింది. "నా మోకాలి నొప్పి తగ్గినప్పుడు లేవని మనిషండీ ఈయన. పదకొండు దెబ్బలు తగ్గాయని లేచారు చూడండి."

ఎడ్వర్డ్‌కు మాత్రం నవ్వు రాలేదు. వెనక్కి తీసుకోలేని చోట, వెనక్కి తీసుకోలేని మాట చెప్పేశాడు మావగారు. గ్రీన్ అంచున గడిపిన సాయంత్రాలు, దొర్లించిన బంతులు, పొట్టికర్ర, అన్నీ ఆ మాట కింద పూడుకుపోయాయి. మిగిలింది తన చెయ్యి ఒక్కటే.

ఆ శనివారం నుంచి ప్రతి గుంట దగ్గరా మొదటి దెబ్బకు బంతిని నేలలో గుచ్చిన చెక్కమేకు మీద పెట్టే పని ఎడ్వర్డ్‌దైంది. అతను ముట్టుకోనిదే సువార్తరావు కర్ర ఎత్తేవాడు కాదు. ఒక వారం సైటులో దిమ్మలు బలం చాలక విరిగిపోవడంతో ఎడ్వర్డ్ వెళ్ళలేకపోయాడు. ఆనాడు ఉత్తరపు గాలి ఇసుకను ఎగరేస్తూ వీచింది. సువార్తరావు బెదిరి మళ్ళీ పెద్దకర్ర పట్టాడు. నూటొకటి.

"చూశావా," అన్నాడు, ఫోన్‌లో ఏడుపు గొంతుతో. "నువ్వు లేకపోతే నేనింతేనోయ్."

"గాలి మావయ్యగారూ. ఒవైస్ సాహెబ్ కూడా తొంభై ఆరు కొట్టారట."

"ఆయనకూ నీ నీడ తగల్లేదుగా."

ఏ ఫలితం వచ్చినా ఒకే నిర్ణయానికి చేర్చే నమ్మకాన్ని ఏ పరీక్షలో పెట్టాలో ఎడ్వర్డ్‌కు తోచలేదు.

చలికాలం సన్నగిల్లుతుండగా ఒక శనివారం సువార్తరావు చివరి గుంటలో బంతి వేశాడు. ఒవైస్ సాహెబ్ దెబ్బలను రెండుసార్లు కూడి చూశాడు. ఎనభై తొమ్మిది. సువార్తరావు గడ్డి మీదే మోకరించాడు. లేచి ఎడ్వర్డ్‌ను కావలించుకున్నాడు. ఆయన చొక్కా తడిగా ఉంది. ఎడ్వర్డ్ ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"అల్లుడూ," అన్నాడు సువార్తరావు. "ఇప్పుడు నిన్నెలా పంపమంటావు చెప్పు?"

"మీరు మాటిచ్చారు మావయ్యగారూ."

"ఇచ్చాను. అప్పటికి నీ చెయ్యి సంగతి నాకు తెలీదు. తెలిశాక పంపితే దేవుడిచ్చినదాన్ని తిప్పి పంపినట్టు కాదూ?"

స్కోరు దిగకపోతే మాట ప్రకారం వెళ్ళడానికి లేదు. దిగితే అతను లేనిదే గడవదు. తలుపుకు రెండు వైపులా తానే గడియ బిగించి మధ్యలో నిలబడ్డట్టనిపించింది ఎడ్వర్డ్‌కు. బిగించినది మంచి పనితనంతో బిగించాడు కూడా.

ఆ సాయంత్రం ఎడ్వర్డ్ ఫోన్‌లో ఫెబికి జరిగింది చెప్పాడు. "మా చిన్నాన్న నీకు అంత విలువిస్తున్నాడంటే సంతోషించాలా?" అంది.

"తెలీదు."

"సుసన్న కిటికీ సీటే కావాలంటోంది."

అల్ అజీజియా సంస్థ నుంచి ఆఖరు మాట అడుగుతూ ఫోన్ వచ్చింది. ఎడ్వర్డ్ ఇంకో వారం గడువడిగాడు. అభ్యాసం, తన చెయ్యి. ఈ రెండింటిలో పని చేస్తున్నది ఏదో విడదీసి చూపాలి. తాను లేకపోతే సువార్తరావు భయంతోనే చెడగొట్టుకుంటాడు. కాబట్టి బంతుల మీద తన చెయ్యి పడకుండానే పడిందని ఆయన నమ్మాలి. అలాంటి పరీక్షలుంటాయి, మందు లేని మాత్ర ఇచ్చి మందిచ్చామని చెప్పే పరీక్షలు. వాటిలో అబద్ధం ఉంటుందని అతనికి తెలుసు; ఆ అబద్ధాన్ని తన నోటితో చెప్పవలసి రావడం మాత్రం ఇదే మొదలు.

వచ్చే శనివారం తనకు రాస్ లఫాన్ సైటులో డ్యూటీ ఉంది. అది నిజమే. "నేను లేకపోయినా బంతులు ముట్టుకుని రాజనర్సుతో పంపిస్తాను," అన్నాడు. సువార్తరావు ముఖం విప్పారింది. అది అబద్ధం. ఆ ఉదయం రాజనర్సు దారిలో ఒక దుకాణంలో సీలు విప్పని డబ్బా కొని తెచ్చాడు. ఎడ్వర్డ్ ఆ డబ్బాను కంటితో కూడా చూడలేదు.

ఎనభై ఎనిమిది.

"అద్భుతమోయ్," అన్నాడు సువార్తరావు ఫోన్‌లో. "నువ్వెక్కడున్నా పని చేస్తోంది. నాకిప్పుడే దారి తెలిసింది. వెళ్ళు. ఆ అజీజియా ఉద్యోగంలో చేరు. శుక్రవారం ఆరాధనకొచ్చినప్పుడు అరడజను బంతులు ముట్టుకుని నా చేతికిచ్చెయ్, చాలు. నిన్ను వదులుతున్నట్టు కాగితం రాసి తెచ్చుకో, రేపే సంతకం పెడతాను."

ఎడ్వర్డ్ ఈ మాట చెప్పగానే ఫెబి ఏడ్చింది, నవ్వింది, వాళ్ళమ్మను కేకేసింది. అతను మాత్రం ఫోన్ పెట్టేశాక అక్కడే కూర్చుండిపోయాడు. నమ్మకాన్ని ఓడించడానికి పెట్టిన పరీక్ష దానికే రెక్కలు కట్టింది. వారం వారం చర్చి మెట్ల మీద నిలబడి బంతులు ముట్టుకోవాలి. ఏదో ఒక వారం గాలి వీస్తుంది, నూటైదు వస్తుంది. ఆ రోజు "నీ మనసు నిర్మలంగా లేదోయ్" అంటాడు మావగారు. అప్పుడు దానికీ సంజాయిషీ చెప్పుకోవాలి. విడుదల అనుకున్నది పొడుగాటి తాడు మాత్రమే.

మర్నాడు సువార్తరావు ఆఫీసుకు రమ్మన్న వేళకు ఎడ్వర్డ్ వెళ్ళలేదు. సాయంత్రం మైదానానికి వెళ్ళాడు. సువార్తరావు గ్రీన్ అంచున వంగి, బంతుల్ని ఒక్కొక్కటిగా లేపి దొర్లిస్తున్నాడు. రాజనర్సు నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కాగితం తేలేదేం?"

"ముందు ఒక మాట చెప్పాలి మావయ్యగారూ. ఆ బంతులు నేను ముట్టుకోలేదు."

సువార్తరావు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"రాజనర్సు దుకాణంలో కొన్నవి అవి. నా చెయ్యి పడలేదు, కన్ను కూడా పడలేదు."

రాజనర్సు సీసా వంక చూస్తూ ఉండిపోయాడు. సువార్తరావు నెమ్మదిగా నిటారుగా లేచాడు.

"డబ్బాకు సీలుంది," అన్నాడు. "విప్పుతుంటే నాకూ తట్టింది, సీలుంటే ఎలా ముట్టుకున్నాడా అని. మనసు అటు పోనివ్వలేదు." కర్రను గడ్డి మీద ఆనించి, "మోసం చేశావన్నమాట," అన్నాడు.

"చేశాను."

"దేవుడి పేరు చెప్పి."

"దేవుడి పేరు నేనెత్తలేదు. ముట్టుకున్నానన్నాను. నా అబద్ధం అంతవరకే."

"లా పాయింట్లు మాట్లాడకు." సువార్తరావు బంతుల బుట్ట పక్కన ఉన్న చిన్న బల్ల మీద కూర్చున్నాడు. ఆయన పెదవులు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి. "అయితే ఆ ఎనభై ఎనిమిది ఎవరిది?"

"మీది."

"పూర్తిగా?"

"పూర్తిగా. మీరిప్పుడు చేస్తున్న ఈ పనిది."

"ఎనభై తొమ్మిదీ?"

"అదీ మీదే."

ముఖం మీదికి రాబోయిన సంతోషాన్ని ఆయన బలవంతాన ఆపుకున్నాడు. "మరి నూటొకటో?"

"అదీ మీదేనండి. అందులో కొంత గాలిది."

రాజనర్సుకు పొరబోయినట్టు దగ్గొచ్చింది. సువార్తరావు తలతిప్పి అతని వంక చూశాడు; చూస్తూనే ఉన్నాడు. "బంతులు కొన్నది నువ్వన్నమాట," అన్నాడు.

రాజనర్సు రెండడుగులు వెనక్కి వేశాడు. "వచ్చె నెల నాకు సెలవుంది సార్. దుబాయ్ కెల్లి కొడుకొస్తుండని మా అవ్వ రాములవ్వ ఊరంత చెప్పుకున్నది, ఆమెకు ఏ దేశమైన దుబాయే. నా చెయ్యి మంచిది కాదు సార్. నేను కొన్న ఫోన్లు గుడ నెలకొకటి పల్గుతయి, అడుగుండ్రి ఎవలనన్న."

ఎడ్వర్డ్‌కు నవ్వొచ్చింది. సువార్తరావు కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"కూర్చో," అన్నాడు ఎడ్వర్డ్‌తో. "నువ్వీ మైదానానికి రాకముందు, కలిసి మొదలెట్టినా ఆట సగమయ్యేసరికి ఒవైస్ నాకు మూడు గుంటలు ముందుండేవాడు. పాపం, ఎంతసేపని ఆగుతాడు? నా బంతి నేను వెతుక్కుంటూ ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి. ఆఫీసులో అందరూ లేచి నిలబడతారు, ఎవరూ పక్కన నడవరు. నువ్వొచ్చి జేబుల్లో రాళ్ళు మారుస్తూ నడిచావు. నా ప్రతి దెబ్బనూ ఒకడు చూస్తున్నాడు, మంచిదీ చెడ్డదీ కూడా. తెరెసా కూడా నన్నంతగా చూసి చాలా ఏళ్ళయిందోయ్."

ఎడ్వర్డ్ ఆయనకెదురుగా గడ్డి మీద కూర్చున్నాడు.

"నా పక్కన నడువు అని అల్లుణ్ణి అడగడానికి నాకు నోరు రాలేదు. దీవెన ఉందంటే అడగడం తేలికైంది. తరువాత తరువాత నేనే నమ్మాను." ఆయన కర్రతో ఒక బంతిని అటూ ఇటూ కదిపాడు. "జోయెల్ కూడా ఇలా వచ్చి ఎదురుగా కూర్చుని ఉంటే... వాడు ఫోన్‌లో నొక్కి పోయాడు."

అభ్యాసపు వరుసల్లో దీపాలు వెలిగాయి. అవతల ఎవరో పెద్దకర్రతో కొట్టిన చప్పుడు వినిపించింది. సువార్తరావు అటు తిరిగి చూడలేదు.

"రేపు కాగితం తీసుకురా. సంతకం పెడతాను. వదినకు నేనే ఫోన్ చేసి చెబుతాను. చేరు, ఫెబినీ పిల్లనూ తెచ్చుకో."

ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట అది. విన్నాక గుండెలో ఏదో తెరుచుకుంటుందనుకున్నాడు ఎడ్వర్డ్. తెరుచుకున్నట్టే ఉంది, కానీ ఎదురుగా ఆ మనిషి బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అల్ అజీజియా నుంచి ఈ మైదానానికి కారులో ఎంతసేపు పడుతుందో అతని బుర్ర దానంతటదే లెక్క వేసింది.

"శనివారాలు నేనొస్తాను మావయ్యగారూ," అన్నాడు. "బంతులు ముట్టుకోను. నడుస్తాను."

"నేను అడగలేదోయ్."

"అడగలేదు."

"ఫెబి ఏమంటుంది?"

"అడగాలి."

"అడుగు. అడక్కుండా మాటివ్వకు. మా అన్న కూతురు, నాకు తెలుసు." సువార్తరావు లేచాడు. కర్రను సంచీలో దూర్చాడు. తీరా బయల్దేరబోతూ ఆగాడు. "వస్తే మాత్రం ఎండెక్కకముందే రావాలి. ఆరింటికల్లా ఇక్కడుండు. ఒవైస్‌కు ఆలస్యమంటే గిట్టదు. ఆ రాళ్ళు కూడా తెచ్చుకో, తెల్లవి ఎన్నో నాకు తెలియాలి."

ఎడ్వర్డ్ తల ఊపాడు. కర్రల బండి ముందుకు కదిలింది; నాలుగడుగులు వేశాక గాని, దాని పిడి పట్టుకుని లాగుతున్నది తానేనని అతను గమనించలేదు. వెనుక నుంచి రాజనర్సు కారు తాళాలు ఆడించాడు.

"యల్లా సార్, పోదం పాండ్రి," అన్నాడు. "ట్రాఫిక్ పడ్తది."